పటంలో లేని వీధి

రోము నగరం చూచివచ్చామని చెప్పగానే ఎవరైనా అడిగే ప్రశ్నలు నాలుగే. కొలోసియం చూశారా? పోపుగారి చర్చి చూశారా? ఫౌంటెనులో నాణెం వేశారా? అక్కడ జేబుదొంగలు జాస్తి అంటారు, మీదేమీ పోలేదు గదా? మొదటి మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పే వ్యాసాలు కావలసినన్ని వచ్చాయి. రాతి స్తంభాలను గురించీ, పాలరాతి బొమ్మలను గురించీ నేను కొత్తగా చెప్పగలిగింది లేదు. ఈ వ్యాసం ఆ నాలుగో ప్రశ్నను గురించి. ఆ ప్రశ్న అడగగానే అందరి మనస్సులోనూ మెదిలే మనుషులను గురించి. వాళ్ళను నగరంలో కలుపుకోవాలని కొన్ని క్రైస్తవ సేవాసంస్థలు పడుతున్న పాట్లను గురించి. మధ్యలో ఒక చిత్రమైన వీధి కూడా వస్తుంది. ఆ వీధి రోములోనే వుంది. కాని రోము పటంలో ఎంత వెదికినా కనిపించదు.

కిందటి వేసవి సెలవులలో జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి దగ్గరకు వెళ్ళినప్పుడు, అక్కడినుంచి మా ఆవిడా నేనూ అయిదు రోజులకోసం రోము వెళ్ళాం. నా దగ్గర తెలుగు చదువుకొన్న కుర్రవాడొకడు కతోలిక గురువై అక్కడ పైచదువు చదువుతున్నాడు. తెర్మినీ స్టేషనుకు ఎదురు వచ్చాడు. “ఏం ఫాదర్‌గారూ, బాగున్నారా?” అన్నాను. “మాస్టారూ, మీరు నన్ను ‘మీరు’ అంటే ఛందస్సు పేపరులో తప్పానేమోనని భయం వేస్తుంది” అని నవ్వి, మా ఆవిడ చేతిలోని సంచీ అందుకొన్నాడు.

స్టేషను బయట గోడవారగా ఒకామె కూర్చుని వుంది. పొడుగు పరికిణీ, తలకు రుమాలు, ముందొక కాగితపు గ్లాసు. మావాడు వంగి ఆమెతో ఇటాలియనులో ఏదో అన్నాడు. ఆమె నవ్వుతూ జవాబు చెప్పింది.

“ఏమన్నావు నాయనా?” అని అడిగింది మా ఆవిడ.

“పిల్లవాడు బడికి వెళ్ళాడా అని అడిగాను, అమ్మగారూ. వెళ్ళాడట. ఇవాళ లెక్కల పరీక్షట.”

లెక్కల పరీక్షకు పిల్లవాణ్ణి పంపి, తల్లి గ్లాసు ముందు పెట్టుకొని కూర్చోవటం మా ఆవిడకు బొత్తిగా కొరుకుడు పడలేదు. “ఈ రెండూ ఎలా కుదిరాయయ్యా?” అంది. “కుదరటానికి చాలా ఏళ్ళు పట్టింది, అమ్మగారూ. రేపు శనివారం. చూపిస్తాను రండి” అన్నాడు.

ఆమె రోమా స్త్రీ. ఒకప్పుడు మన పత్రికలలో జిప్సీలని రాసేవారే, వాళ్ళు. రోమా అనే పేరుకూ రోము నగరానికీ చుట్టరికం లేదు. వాళ్ళ భాషలో ‘రోమ్’ అంటే మగవాడు, భర్త. ఆ మాటకు మూలం మన దేశపు ‘డోమ’ శబ్దమని భాషావేత్తలు చెబుతారు. వీళ్ళ మాటలకూ హిందూదేశపు భాషలకూ బంధుత్వముందని 1782 లో రూడిగర్ అనే జర్మను పండితుడు గుర్తించాడు. వాళ్ళ అంకెలు యేక్, దుయి, త్రిన్, ష్తార్, పంజ్. నీళ్ళు పాని. మనిషి మనుష్. చెవి కన్. తీరా ఏడు, ఎనిమిది, తొమ్మిది దగ్గరకు వచ్చేసరికి గ్రీకు అంకెలు! దారిలో గ్రీకు నేలమీద తరాల తరబడి వుండిపోయిన గుర్తు అది. ‘దారి’ అనే మాట కూడా వాళ్ళు గ్రీకులనుంచే తీసుకొన్నారు. మన లంబాడీల మాట వినివున్నవారికి వీళ్ళ అంకెలు తెలిసినట్లే అనిపిస్తాయి. అంతమాత్రంచేత ఇద్దరూ ఒకే జాతివారని అనుకోరాదు. భాషలు రెండూ ఒకే పెద్దకుటుంబంలోవి, అంతే.

ఐరోపాలో వీళ్ళ జనసంఖ్య కోటి మొదలు కోటి ఇరవై లక్షలవరకూ వుంటుందని అంచనా. ఇటలీలో లక్షా ఇరవైవేలనుంచి లక్షా ఎనభైవేలంటారు. కొందరు అయిదారు వందల ఏళ్ళనాడే వచ్చి, ఇటాలియనులే అయిపోయారు. యుగోస్లావియానుంచి 1960 ల తరువాత కొందరూ, 1990 లలో అక్కడి యుద్ధాలకు తాళలేక మరికొందరూ వచ్చారు. 2007 జనవరి 1 న రుమేనియా యూరోపియన్ యూనియనులో చేరిన తరువాత అక్కడినుంచి పనులు వెదుక్కొంటూ ఇంకా చాలామంది వచ్చారు.

మర్నాడు ట్రాములో వెళుతూ మావాడు అసలు చిక్కు చెప్పాడు. అధికారులు వీళ్ళందరికీ ‘సంచారులు’ అని ఒకే పేరు పెట్టారు. రోము వున్న లాత్సియో ప్రాంతం 1985 లో రోమాల మేలుకోసమని ఒక చట్టం కూడా చేసింది. ఉద్దేశం మంచిదే. తిరిగే జాతి కాబట్టి, ఆగటానికి వేరే చోటు చూపించాలనుకొన్నారు. కాని యుగోస్లావియానుంచి వచ్చినవాళ్ళలో చాలామంది సొంత ఊళ్ళో ఇళ్ళలో కాపురాలు చేసినవాళ్ళు. ఇల్లు పోగొట్టుకొని వచ్చినవాడితో, “నీకు ఇల్లు అలవాటు లేదు గదా, పాపం” అని చెప్పి, ఊరిబయట కంచెవేసి, ఇనుపపెట్టె లాంటి గది ఇచ్చారు! రానురాను ఆ ‘సంచారుల శిబిరాలు’ కదలని పేటలైపోయాయి. 2012 లో చాంపీనో విమానాశ్రయం పక్కన లా బర్బూతా అని ఒక కొత్త శిబిరం కట్టారు. ఒక జాతివారిని మాత్రమే వేరుచేసి వుంచే అటువంటి చోటు వివక్షేనని 2015 లో రోము న్యాయస్థానం తీర్పు చెప్పింది. తరువాత ఆ శిబిరం మూతపడింది.

పిల్లల చదువు మాటా అంతే. శిబిరాలనుంచి బడికి ప్రత్యేకం బస్సులు పెట్టారు. అవి ఊరు చుట్టి బడి చేరేసరికి మొదటి గంట అయిపోయేది. తిరుగు బస్సుకోసం చివరి గంటలోనే పిల్లలు పుస్తకాలు సర్దుకొనేవాళ్ళు. హాజరుపట్టీలో పేరుండేది కాని, పాఠం సగమే దక్కేది.

మేము దిగిన పేట పేరు త్రస్తేవెరె. నది అవతలి పేట అని అర్థం. సన్నని సందులు, కిటికీలకు ఆరవేసిన బట్టలు, నడివీధిలో భోజనాల బల్లలు. ఇక్కడే సాంత్ ఎజీదియో సంఘంవారి కేంద్రం వుంది. పాతకాలపు సన్యాసినుల మఠమది. 1968 లో ఆంద్రేయా రిక్కార్ది అనే 18 ఏళ్ళ విద్యార్థి తోటి విద్యార్థులను కూడగట్టి దీనిని మొదలుపెట్టాడు. రోము శివార్లలో అప్పుడు గుడిసెలలో వుంటున్నది విదేశీయులు కారు, దక్షిణ ఇటలీనుంచి కూలికి వచ్చిన సొంత దేశస్థులు. వాళ్ళ పిల్లలకు సాయంత్రం పూట పాఠాలు చెప్పటంతో సంఘం పని ఆరంభమైంది. తరువాతి కాలంలో వాళ్ళు ఇళ్ళలోకి వెళ్ళారు. గుడిసెలలోకి రోమాలు వచ్చారు. చదువు చెప్పేవాళ్ళు మాత్రం మానలేదు.

వీరికి ముందూ దారి వేసినవారున్నారు. బ్రూనో నికొలీని అనే గురువు 1963 లో బొల్జానో పట్టణంలో ఒపెరా నొమాది అనే సంస్థను పెట్టి, రోమా పిల్లల చదువుకు పాటుపడ్డాడు. 1965 సెప్టెంబరు 26 న ఆరవ పౌలు పోపు పొమేజియా దగ్గరున్న రోమా గుడారాలకు స్వయంగా వెళ్ళి, మీరు చర్చికి అంచున వున్నవారు కారు, దాని హృదయంలో వున్నవారని వాళ్ళతో అన్నాడు. ఆ మాట పెద్దదే. కాని హృదయంలో వున్నవాడికి బడిలో బల్ల ఎక్కడ? ఆ పని తరువాతివాళ్ళకు మిగిలింది.

శనివారం బడి పట్నం చివర ఒక హాలులో జరుగుతోంది. ‘శాంతి పాఠశాల’ అంటారు. కాలేజీ పిల్లలు జీతం లేకుండా చెబుతున్నారు. ఒక్కొక్క బల్ల దగ్గర ముగ్గురు నలుగురు చిన్నవాళ్ళు. అందులో రోమాలున్నారు, ఈజిప్టువాళ్ళున్నారు, ఇటాలియనులున్నారు. ఎవరు ఎవరో నాకు తెలియలేదు. తెలియకుండా వుండాలనే అలా కూర్చోబెడతారట. మా ఆవిడ కాసేపు చూచి, మన ఇళ్ళలో అందరికీ తోచే ప్రశ్న వేసింది.

“నాయనా, చదువు చెప్పి వీళ్ళను మతంలో కలుపుతారా?”

మావాడు నొచ్చుకోలేదు. “అడగవలసిన ప్రశ్నే అమ్మగారూ. బోస్నియానుంచి వచ్చినవాళ్ళు చాలామంది ముసల్మానులు. రుమేనియావాళ్ళు ఎక్కువగా ఆర్థొడాక్సు చర్చివాళ్ళు. అలాగే వస్తారు, అలాగే వుంటారు. ఇక్కడ కలిపేది బడిలోనే” అన్నాడు.

ఈ సంఘంవారు 2008 లో ‘బడి హక్కు, భవిష్యత్తు హక్కు’ అనే పథకం మొదలుపెట్టారు. పిల్లవాడు బడికి సరిగా వెళితే ఇంటికి నెలనెలా కొంత ఉపకారవేతనం ఇస్తారు. మానేస్తే ఇవ్వరు. అడుక్కొంటే వచ్చే డబ్బుకూ, చదివితే వచ్చే డబ్బుకూ పోటీ పెట్టారన్నమాట. కేవలం డబ్బే కాదు. బడికీ ఇంటికీ నడుమ తిరిగే మధ్యవర్తులు వున్నారు. ఉపాధ్యాయుడు కబురు పంపితే తల్లికి చెప్పటం, తల్లి భయపడితే ఉపాధ్యాయుడికి చెప్పటం వీళ్ళ పని.

అలాటి పని చేసే ఒక రోమా స్త్రీ మాతో మాట్లాడింది. నలభై ఏళ్ళుంటాయి. రుమేనియానుంచి వచ్చింది. మావాడు తెనిగించి చెబుతున్నాడు. మొదట్లో నదిఒడ్డున రేకుల గుడిసెలో వుండేవాళ్ళట. పోలీసులు వచ్చి కూలుస్తారు. మరోచోట వేసుకొంటారు. అక్కడా కూలుస్తారు. “మా పెద్దపిల్ల మొదటి తరగతి మూడు బళ్ళలో చదివింది. మూడింటిలోనూ ‘అ’ అక్షరమే నేర్చుకొంది” అందామె. నాలుగోసారి గుడిసె పోయినప్పుడు సంఘంవాళ్ళు దుప్పట్లు తెచ్చారు. వాళ్ళతో వచ్చిన ఒక కాలేజీ అమ్మాయి మాత్రం, “దుప్పటి సంగతి సరే, రేపు ఉదయం పిల్ల బడికి ఎలా వెళుతుంది?” అని అడిగింది. అడిగి వూరుకోలేదు. మర్నాటినుంచి తెల్లవారుజామున వచ్చి రెండు బస్సులు మారి పిల్లను పాత బడికే తీసుకువెళ్ళింది. ఆ సంవత్సరమంతా వంతులవారీగా ఎవరో ఒకరు వచ్చారు. “అప్పుడు నాకు తెలిసింది, మా ఇల్లు పోయినా బడి పోనక్కరలేదని” అందామె.

ఇటువంటిది మిలాను నగరంలో పెద్దయెత్తున జరిగింది. 2009 నవంబరులో అక్కడ రూబత్తీనో వీధిలోని రోమా గుడిసెలను పడగొట్టారు. ఆ పిల్లలు చదివే బళ్ళలోని పంతులమ్మలూ, తోటి పిల్లల తల్లులూ సాంత్ ఎజీదియోవారితో కలిసి వాళ్ళకు అండగా నిలిచారు. కొందరు తమ ఇళ్ళలోకే తీసుకువెళ్ళారు. వాళ్ళేమీ సంఘసంస్కర్తలు కారు. తమ పిల్లవాడి పక్కన రోజూ కూర్చొనే పిల్లవాడు హఠాత్తుగా కనిపించకపోతే, ఏమయ్యాడని అడిగిన మామూలు గృహస్థులు.

ఇక ఆ వీధి సంగతి. మనకు ఆధార్ కార్డూ, రేషను కార్డూ ఎలాగో, ఇటలీలో నివాసం నమోదు అలాటిది. అది లేకపోతే ఇంటి డాక్టరు లేడు, గుర్తింపుకార్డుకు ఇబ్బంది, ప్రభుత్వపు ఇంటికి దరఖాస్తు పెట్టలేరు. నివాసం నమోదు కావాలంటే చిరునామా కావాలి. ఇల్లు లేనివాడికి చిరునామా ఎక్కడినుంచి వస్తుంది? చాలా కాలం కారితాస్, సాంత్ ఎజీదియో వంటి సంస్థలు తమ తలుపు నంబరే అటువంటివాళ్ళకు చిరునామాగా ఇచ్చాయి. తరువాత నగరపాలకులు కాగితాలమీద మాత్రమే వుండే ఒక వీధిని సృష్టించి, ‘మొదెస్తా వాలెంతి వీధి’ అని పేరు పెట్టారు. మొదెస్తా వాలెంతి తెర్మినీ స్టేషను దగ్గర తలదాచుకొన్న ముసలమ్మ. 1983 జనవరి 31 న జబ్బుచేసి పడిపోతే, ఒళ్ళు మురికిగా వుందని అంబులెన్సువాళ్ళు ఎక్కించుకోలేదు. అక్కడే చనిపోయింది. ఏటా ఆ రోజున సాంత్ ఎజీదియోవారు ఆమె పేర ప్రార్థన జరిపి, వీధులలో పోయినవాళ్ళందరినీ తలచుకొంటారు. ఆమె రోమా కాదు, ఇటాలియనే. బతికుండగా ఇల్లు లేని ఆమె పేరు, ఇప్పుడు ఇల్లు లేని వేలమందికి చిరునామా. గుడిసెలు పోయిన రోమా కుటుంబాలకు కూడా అదే వీధి. మాతో మాట్లాడిన ఆమె ఏళ్ళ తరబడి ఆ వీధి కాపురస్థురాలే!

ఇదంతా సాఫీగా జరిగిందని పాఠకులు అనుకోకూడదు. 2008 మే నెలలో ప్రభుత్వం ‘సంచారుల అత్యవసర పరిస్థితి’ అని ప్రకటించి, శిబిరాలలో వున్నవాళ్ళ వేలిముద్రలు తీయసాగింది. పిల్లలవి కూడా తీస్తామన్నారు. నాజీల కాలంలో జాతి పేరు రాసి తీసుకుపోయినవాళ్ళు తిరిగిరాని కథలు ఆ ఇళ్ళలో వున్నాయి. ఇటలీలో మన వారపత్రికలలాగా ఇంటిల్లిపాదీ చదివే కతోలిక పత్రిక ‘ఫమీల్యా క్రిస్తియానా’ ఆ వేలిముద్రలను గట్టిగా ఖండించింది. ఆ అత్యవసర ప్రకటన చెల్లదని 2011 నవంబరులో ఉన్నత న్యాయస్థానం తేల్చింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో, రోములో ఆప్పియా నువోవా రోడ్డు దగ్గర ఒక గుడిసె అంటుకొని నలుగురు రోమా పిల్లలు మరణించారు. దేశాధ్యక్షుడు వెళ్ళి తల్లిదండ్రులను పరామర్శించాడు. నగరం ఏడ్చింది. గుడిసెలు కూల్చటం మాత్రం ఆగలేదు.

2019 ఏప్రిల్‌లో తోర్రె మౌరా పేటకు కొన్ని రోమా కుటుంబాలను తీసుకువస్తే, పేటలో కొందరు వాళ్ళకోసం తెచ్చిన రొట్టెలను నేలమీద వేసి తొక్కారు. మరుసటి నెల కసల్ బ్రూచాతోలో ఒక బోస్నియా రోమా కుటుంబానికి న్యాయంగా వంతువచ్చిన ప్రభుత్వపు ఇంటిముందు గుంపు చేరి అరిచింది. మే 9 న అప్పటి పోపు ఫ్రాన్సిస్ ఆ కుటుంబాన్ని పిలిపించుకొని పలకరించాడు. జూన్ 2 న రుమేనియాలో బ్లాజ్ పట్టణానికి వెళ్ళినప్పుడు, రోమాలపట్ల చూపిన వివక్షకు చర్చి తరఫున క్షమాపణ కోరాడు.

హోటలుకు తిరిగివస్తుంటే నాకు బాపట్ల దగ్గర స్టువార్టుపురం గుర్తుకు వచ్చింది. చీరాల వెళ్ళే రైలు అక్కడ ఆగుతుంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని మద్రాసు రాష్ట్రంలోకి తెచ్చిన తరువాత, 1910 లలో తెల్లదొరలు ఎరుకలవారిని అక్కడ చేర్చి, ఆ సెటిల్మెంటును సాల్వేషన్ ఆర్మీవారికి అప్పగించారు. వాళ్ళూ క్రైస్తవ సేవకులే. బడి పెట్టారు, పని చూపించారు, మందులిచ్చారు. కాని హాజరు పలకాలి, సెలవు తీసుకోందే ఊరు దాటకూడదు. చట్టం 1952 లో పోయింది. ఊరిపేరు చెబితే ఎదుటివాడు సంచీ దగ్గరకు లాక్కొనే అలవాటు అంత త్వరగా పోలేదు. మంచిమనస్సుతో ఇచ్చిన రొట్టె అయినా, కంచెలోపల ఇస్తే కంచెనే బలపరుస్తుందని ఈ రెండు ఊళ్ళూ నాకు చెప్పాయి. ఆదరించటం వేరు, కలుపుకోవటం వేరు. దుప్పటి మొదటిదానికి చాలు. రెండవదానికి అందరి పిల్లలూ కూర్చొనే బల్లమీద ఒక చోటు, అందరూ వుండే వీధిలో ఒక తలుపు కావాలి.

సంస్థలు ఇళ్ళు కట్టలేవు, చట్టాలు చేయలేవు. “మేము బాగా పనిచేస్తే, నగరపాలకులు తమ పని కూడా మేమే చేస్తామని వూరుకొనే ప్రమాదం వుంది మాస్టారూ” అని మావాడే ఒప్పుకొన్నాడు. స్టేషను ముందు ఆ తల్లి ఇంకా గ్లాసుతో కూర్చొనే వుందిగదా! ఆమెకు పని ఇచ్చేవాళ్ళు రావాలి. కొడుకు పరీక్ష రాయటం సగం దారి మాత్రమే.

మేము బయలుదేరేముందు, ఆ మధ్యవర్తి పనిచేసే ఆమె కాఫీకి రమ్మంది. నగరానికి తూర్పుగా, బస్సు చివరి స్టాపు దాకా వెళ్ళాలి. నాలుగంతస్తుల పాత ప్రభుత్వపు ఇళ్ళు. ఆమెది మూడో అంతస్తు. పదేళ్ళు జాబితాలో ఎదురుచూస్తే వచ్చిందట. కింది అంతస్తులోని ముసలమ్మ మొదటి ఏడాది పలకరించలేదు. ఇప్పుడు కూరల సంచీ మోసిపెట్టమని తలుపు కొడుతుంది. పెద్దపిల్ల నర్సు చదువుతోంది. కాఫీ చిక్కగా వుంది. మా ఆవిడ వాళ్ళ అంకెలు చెప్పించుకొని, ‘పంజ్’ దాకా తనూ చెప్పి, అందరినీ నవ్వించింది.

ఆమె లేచి, సొరుగులోంచి మడతలు విప్పి ఒక కాగితం తెచ్చి మా ముందు పెట్టింది. ఏ యోగ్యతాపత్రమో అనుకొన్నాం. కరెంటు బిల్లు. ఈ ఇంటికి వచ్చిన మొదటి నెలది. చెల్లించి ఏళ్ళయినా దాచుకొందట.

“మన ఇంట్లో కరెంటు బిల్లు వస్తే మీరు మూడురోజులు సణుగుతారు” అంది మా ఆవిడ నాతో.

ఆమె ఆ మాటకు అర్థం అడిగింది. మావాడు చెప్పాడు. తన భర్తా సణుగుతాడని ఆమె అంది. ఆ తరువాత బిల్లు పైభాగాన వేలు పెట్టి చూపించింది. ఆమె పేరు వుంది, కింద వీధిపేరు, తలుపు నంబరు. ఆ వీధిలోనుంచే మేము నడిచివచ్చాం.